తెల్లబట్ట వెనుక రంది

‘తెల్లబట్ట అయితున్నది’, ‘నడుం గుంజుతున్నది’, ‘పెయ్యిల సత్తువ లేదు’. నిర్మల్ జిల్లా పల్లెల నుంచి ఆడవాళ్లు డాక్టర్ దగ్గరికి మోసుకొచ్చే బాధలివి. అట్లా వచ్చినామె పొద్దంతా చాట ముందు వంగి బీడీలు చుట్టే మనిషి కావచ్చు. పెనిమిటి గల్ఫ్‌లో ఉండొచ్చు, ఇంట్లో అప్పు ఉండొచ్చు. అవేవీ ఓపీ చీటీ మీదికి ఎక్కవు. స్కానింగ్, మాత్రలు, తగ్గకపోతే ఇంకో ఆస్పత్రి. చాలామంది విషయంలో ఈ తిరుగుడు గర్భసంచి తీయించుకునే దాకా పోయింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. తెలంగాణలో 8 శాతం దాటారు. ఉమ్మడి రాష్ట్రంలోనే డాక్టర్ ప్రకాశ్ వింజమూరి, డాక్టర్ కామేశ్వరి మెదక్ జిల్లాలో అధ్యయనం చేసి, అవసరం లేకున్నా జరిగిన ఆపరేషన్ల సంగతి బయటపెట్టారు. అనవసర ఆపరేషన్లను ఆపేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇంతకీ తెల్లబట్టకు కారణం ఏమిటి? ఇన్ఫెక్షన్ కావచ్చు, అరుదుగా క్యాన్సర్ కూడా కావచ్చు. కాబట్టి పరీక్ష తప్పనిసరి. అయితే గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం దాదాపు 2,500 మంది మహిళలను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఈ బాధ చెప్పినవాళ్లలో ఇన్ఫెక్షన్ కన్నా దిగులు, ఆందోళన వంటి మానసిక, సామాజిక కారణాలకే గట్టి సంబంధం కనిపించింది. అంటే వాళ్ల నొప్పి ఉత్తదని కాదు. మనసులోని రంది ఒంటి నొప్పిగా బయటపడుతోందని.

అలాంటప్పుడు ఏం అడగాలో, ఎట్లా అడగాలో డాక్టర్‌కు ఎవరు నేర్పాలి?

జర్మనీలో స్త్రీవైద్య నిపుణులు కాబోయేవారు దీనికోసం 80 గంటల శిక్షణ తీసుకోవాలి. అందులో 20 గంటలు సిద్ధాంతం, 30 గంటలు రోగితో మాట్లాడే పద్ధతులు. మిగతా 30 గంటలు బాలింట్ గ్రూపులో గడుస్తాయి. హంగేరీలో పుట్టిన మైఖేల్ బాలింట్ 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

పది మంది వరకు డాక్టర్లు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు తమకు కొరుకుడు పడని రోగి గురించి చెబుతారు. చేతిలో కేస్ షీటు ఉండదు, గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పాలి. ‘పరీక్షలన్నీ నార్మల్, అయినా నెలకోసారి వస్తోంది, ఆమెను చూస్తేనే నాకు చిరాకు’ అని ఒక డాక్టర్ అన్నారనుకుందాం. ఏ మందు రాశారని మిగతావాళ్లు అడగరు. ఆ చిరాకు దేనికి, ఆమె చెప్పాలనుకుని మింగేసిన మాటేమిటి అన్నదాని మీద చర్చ నడుస్తుంది.

మరి మన దగ్గర? నిర్మల్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో మొదలైంది. అంతకు ముందే, 2019లో, ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలోకి వైద్యుడి నడవడిక, నైతికత, రోగితో సంభాషణ పాఠాలుగా వచ్చాయి. అంటే ఇక్కడి విద్యార్థులు మొదటి ఏడాది నుంచే వాటిని చదువుతున్నారు. స్త్రీవైద్య పీజీకి వెళ్లాక మాత్రం జర్మనీ తరహాలో విడిగా తప్పనిసరి శిక్షణ లేదు.

ఓపీలో ఆచరణ చిన్నచిన్న పనులతోనే మొదలవుతుంది. వెంట వచ్చిన అత్తను, మరదలిని కాసేపు బయట కూర్చోమనాలి. పరీక్ష పూర్తిచేసి, ఏమీ లేదని తేలితే ‘గడ్డ లేదు, పుండు లేదు, భయపడకమ్మా’ అని ముందు చెప్పాలి. ఆ తర్వాత ‘రాత్రి నిద్ర పడుతున్నదా? ఇంట్ల ఎట్లున్నది?’ అని అడిగి, ఆమె మాట పూర్తయ్యే దాకా ఆగాలి. దెబ్బలు తింటున్నదని తెలిస్తే సఖి కేంద్రం, దిగులు ముదిరిందని తోస్తే మానసిక వైద్యుడు. ఫోన్‌లోనే మాట్లాడాలనుకుంటే టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416.

జర్మనీలో ఇలా కనీసం పావుగంట మాట్లాడినందుకు డాక్టర్‌కు ఆరోగ్య బీమా సంస్థ విడిగా డబ్బు చెల్లిస్తుంది. 1987 నుంచి అక్కడ ఈ ఏర్పాటు ఉంది. మన దగ్గర ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు ఆపరేషన్లు, చికిత్సల లెక్కన నడుస్తాయి. పావుగంట మాటకు అందులో ఖాతా లేదు.