కళ్లు మూస్తే తూలే కాళ్లు

ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే తూలి, చటుక్కున వాష్‌బేసిన్ పట్టుకునే పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. ‘వయసైపోయిందిగా’ అని వాళ్లే తేల్చేస్తారు. షుగర్ ఉన్న మనిషి ఆ మాటంటే మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోకూడదు.

మనం నిలదొక్కుకోవాలంటే కళ్లు, లోపలి చెవి, కాళ్లు, మూడూ మెదడుకు కబురు పంపుతుండాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి, అంటే కాలివేళ్ల దగ్గర మొదలన్నమాట. తిమ్మిర్లు, మంటలు వస్తాయి. తర్వాత దూది మీద నడుస్తున్నట్టుందంటారు. చివరికి హవాయి చెప్పు జారిపోయినా తెలియదు. కాళ్ల లోటును అన్నాళ్లూ కళ్లు పూడుస్తుంటాయి. పగలు చక్కగా తిరిగే పెద్దాయన, ఇంట్లోవాళ్ల నిద్ర చెడుతుందని లైటు వేయకుండా రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ పడిపోయేది అందుకే. పాదాలు దగ్గరపెట్టి, కళ్లు మూయించి, తూలుతున్నారేమో డాక్టర్లు చూసే పరీక్ష 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబర్గ్ పేరు మీద ఉంది. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించొద్దు.

లేచి నిలబడగానే కళ్లు తిరగడం వేరే సంగతి. రక్తం కాళ్లలోకి దిగిపోకుండా రక్తనాళాలను బిగించే నరాలనూ షుగర్ పాడుచేస్తుంది. నిల్చున్న మూడు నిమిషాల్లోగా పై బీపీ 20 పాయింట్లో అంతకంటే ఎక్కువో పడితే అది జబ్బే. కుర్చీలో కూర్చోబెట్టి చూసే బీపీలో ఇది దొరకదు. పడుకోబెట్టి ఒకసారి, నిల్చోబెట్టి ఒకసారి చూడమని అడగాలి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

షుగర్ మరీ తగ్గినా పడతారు. కార్తీక సోమవారం ఉపవాసముండి షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం మానకుండా వేసుకునే మామ్మలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఉపవాసం సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నాలుగైదు జబ్బులున్న పెద్దవాళ్లకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8 శాతం లోపుంటే చాలని మార్గదర్శకాలే అంటుంటే, 6కు దించాలని ఇంట్లోవాళ్లు పట్టుబట్టడం నాకు అర్థం కాదు.

చచ్చుబడిన నరం మళ్లీ కోలుకోవడం కష్టమే. అయినా వంటింటి గట్టు పట్టుకుని, పక్కన మనిషి ఉండగా, రోజూ మడమలెత్తి దించడం, కాసేపు ఒంటికాలి మీద నిలబడడం చేస్తే కండరాలు పుంజుకుంటాయి, తూలడం తగ్గుతుంది. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో విటమిన్ బి12 పడిపోయి అచ్చం ఇవే తిమ్మిర్లు రావచ్చు. అది రక్తపరీక్షలో బయటపడుతుంది, మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో భర్తీ చేయొచ్చు.