ఉన్నట్టుండి వచ్చే తలనొప్పి: టైము చూసి పెట్టుకోండి

కిందటేడు ఒక సాయంత్రం మా వదిన బియ్యం ఏరుతూ ఒక్కసారిగా తల పట్టుకుని కూర్చుండిపోయింది. వెంటనే రెండు వాంతులు. పైత్యం అన్నారు ఒకరు, ఎండదెబ్బ అన్నారు ఇంకొకరు. దిష్టి కూడా తీశాం. దగ్గర్లోని క్లినిక్‌లో "తలెనోవు, వాంతి" అని రెండు మాటలు చెప్పాం. గ్యాసుకు ఇంజెక్షన్ వేసి పంపించేశారు. మర్నాడు తెల్లవారుజామున స్పృహ తప్పింది. పెద్దాసుపత్రిలో సీటీ స్కాన్ తీస్తే మెదడు చుట్టూ రక్తం. అది రెండోసారి కారిన రక్తమని డాక్టరు చెప్పారు. వదిన బతికింది కానీ ఎడమచెయ్యి ఇప్పటికీ సరిగా ఆడదు.

మెదడు అడుగున రక్తనాళాలు కొమ్మల్లా చీలే చోట గోడ పలచబడి, పాత సైకిల్ ట్యూబులా చిన్న బుడగ ఉబ్బుతుంది. దీన్ని అన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా. చాలామందికి అది జన్మలో పగలదు, ఉందని కూడా తెలియదు. పగిలితే మాత్రం మెదడును కప్పిన పొరల మధ్యకు రక్తం చిమ్ముతుంది. పక్షవాతంలా మూతి వంకర పోవడం, కాలూచెయ్యీ పడిపోవడం మొదట్లో కనిపించకపోవచ్చు. మేము మోసపోయింది అక్కడే.

అసలు గుర్తు నొప్పి వచ్చిన తీరు. మైగ్రేన్ సాధారణంగా మెల్లగా ముదురుతుంది. ఇది నిమిషంలోపే తారస్థాయికి చేరుతుంది. తర్వాత మెడ బిగుసుకోవడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, ఒక కనురెప్ప వాలిపోవడం, స్పృహ తప్పడం ఉండవచ్చు. అందుకే డాక్టరుకు "తలెనోవు" అని ఊరుకోకండి. "ఒందే నిమిషదల్లి జోరాగి బంతు, హిందె యావత్తూ ఇంథ నోవు బందిరలిల్ల" అనండి. ఎన్నింటికి వచ్చిందో కాగితం మీద రాసివ్వండి. గుమాస్తా బుద్ధి అని నవ్వినా సరే, ఆ టైముతో పనుంది. మొదటి 6 గంటల్లో తీసిన స్కాన్‌లో ఈ రక్తం దాదాపు తప్పకుండా కనబడుతుంది. ఆలస్యమైతే స్కాన్ బాగానే ఉన్నా వెన్ను నుంచి నీరు తీసి చూడాల్సి రావచ్చు. మళ్లీ పగిలే ప్రమాదం కూడా మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. డాక్టరు చూసేదాకా ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి.

అత్తిబెలె నుంచి నిమ్హాన్స్‌కు ఇదే హోసూరు రోడ్డు, పాతిక కిలోమీటర్ల పైమాటే. సిల్క్ బోర్డు దగ్గర సొంత కారుకు ఎవరు దారిస్తారు? 108కి ఫోన్ చేయండి. అది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన సర్వీసే, మన కర్ణాటకకు 2008లో వచ్చింది.

వైద్యం రెండు రకాలు. పుర్రె తెరిచి బుడగ మెడకు క్లిప్పు పెట్టడం ఒకటి, 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ చేసి చూపించారు. తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి బుడగను ప్లాటినం తీగ చుట్టలతో నింపడం రెండోది, 1990ల నుంచి వచ్చింది. ఏది చేసినా నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజుదాకా నాళాలు ముడుచుకుని మెదడుకు రక్తం తగ్గే భయం ఉంటుంది. అందుకే నిమోడిపిన్ మాత్ర 21 రోజులు వాడతారు. ఇది తెలియక, ఆపరేషన్ అయ్యింది కదా, బిల్లు పెంచడానికే ఉంచుకున్నారని ఎనిమిదో రోజున మేము గొడవపడ్డాం.

బీపీ, పొగతాగడం దీనికి ముఖ్య కారణాలు. తోబుట్టువులు, తల్లిదండ్రులు, పిల్లల్లో ఇద్దరికి వచ్చి ఉంటే మిగతావాళ్లు పరీక్ష గురించి డాక్టరును అడగాలి. మా వదిన చెల్లెలు రెండేళ్ల క్రితం మానేసిన బీపీ మాత్ర ఆసుపత్రి వరండాలోనే మళ్లీ మొదలుపెట్టింది.