మూతబడిన నగరము – దినవెచ్చము

శార్వరి నామ సంవత్సరపు ఉగాది 2020 మార్చి 25వ తేదీన వచ్చినది. దేశమంతటా 21 దినములు ఎవరును ఇల్లు కదలరాదన్న ఆజ్ఞ అమలులోనికి వచ్చిన మొదటి దినము కూడ అదే. హైదరాబాదులో అంతకు మూడు దినములు ముందుగానే, మార్చి 22న జనతా కర్ఫ్యూతో ఆగిన మెట్రో రైళ్లు మరునాడు కదలలేదు. ఆనాటి సాయంత్రమే రాష్ట్ర ప్రభుత్వము లాక్‌డౌన్ ప్రకటించినది. రాత్రి ఏడు మొదలు ఉదయము ఆరు వరకు కర్ఫ్యూ. పగటివేళ సరుకులకు బయలుదేరినవారు ఇంటికి మూడు కిలోమీటర్లు దాటి పోరాదు. శార్వరి అనగా రాత్రి. ఆ పేరును పట్టుకొని ఎన్నో మాటలు పుట్టినవి గాని, వైరసునకు పంచాంగముతో పని లేదు. దానికి కావలసినది మనిషికి మనిషి దగ్గరగుట మాత్రమే.

కరోనా వైరసు వ్యాసము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. అది తనంతట తాను కదలలేదు, పెరుగలేదు. మన కణములలో చొరబడి, ఆ కణముల యంత్రాంగముతోనే తన ప్రతులు చేయించుకొనును. లోన ప్రవేశించిన తరువాత జ్వరము, దగ్గు కనబడుటకు సగటున అయిదు దినములు, అరుదుగా పదునాలుగు దినముల వరకు పట్టును. ఈ వ్యవధినే పొదుగు కాలమందురు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. లక్షణములు పైకి కనబడుటకు ఒకటి రెండు దినముల ముందు నుండియే రోగి ఇతరులకు వ్యాధి అంటించగలడు. ఎవరి ఒంట ఉన్నదో తెలియనప్పుడు రోగులను మాత్రమే వేరుచేసి ప్రయోజనము లేదు. కనుక అందరిని వేరుగా ఉంచవలసి వచ్చినది.

దీని వెనుకనున్న లెక్క చిన్నది. తొలి అంచనాలలో ఒక్కొక్క రోగి ఇద్దరు ముగ్గురికి వ్యాధి అంటించునని తేలినది. సగటున రెండున్నర అనుకొందము. ఒకరి నుండి మరియొకరికి చేరుటకు అయిదు దినములు పట్టుననుకొందము. నెల దినములలో ఆరు తరములు గడచును. రెండున్నరను ఆరు మారులు హెచ్చించినచో ఆరవ తరములో కొత్తగా వ్యాధి సోకువారు సుమారు 244 మంది అగుదురు. జనము ఒకరినొకరు కలిసికొనుట సగమునకు తగ్గించిన, ఆరవ తరము నాటికి ఆ సంఖ్య నలుగురికి మించదు. నాలుగవ వంతునకు తగ్గించిన, వ్యాధి దారిలోనే ఆరిపోవును. ఆసుపత్రులలో పడకలు, ప్రాణవాయువు, పరీక్షా పరికరములు సమకూర్చుకొనుటకు వ్యవధి చిక్కవలెననియే ఈ ఏర్పాటు. గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడు రోగులకే కేటాయించినది ఆ రోజులలోనే.

లెక్క సరియైనదే. కాని జనము ఒకరినొకరు కలిసికొనునది మాటలాడుకొనుటకు మాత్రమే కాదు. నగరములో కూలి చేతికి వచ్చునది, కూర ఇంటికి చేరునది, ఆటో కిరాయి పుట్టునది ఆ కలయికలోనే. వైరసు నడచు దారియు, అన్నము నడచు దారియు ఒక్కటే అయినప్పుడు, దానిని మూసినవారు రెండింటిని మూసినవారగుదురు. వైరసునకు పదునాలుగు దినముల గడువున్నట్లే ప్రతి ఇంటికిని ఒక గడువున్నది. కొత్త రాబడి లేకుండ ఆ ఇల్లు ఎన్ని దినములు నిలువగలదు? ఈ నిల్వ కొందరికి నెలలు, కొందరికి ఒక్క పూట.

నెలజీతగాండ్ర సంగతి త్వరగా చెప్పవచ్చును. మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయముల ఉద్యోగులు కంప్యూటర్లను ఇండ్లకు చేర్చుకొని భోజనపు బల్లలపై పని సాగించినారు. జీతము వచ్చినది, బియ్యము డబ్బాలో ఉన్నది. వారి శ్రమ ఎక్కువగా కడుగుటలో గడచినది. పాల పాకెట్లను సబ్బుతో, కూరగాయలను ఉప్పునీటితో కడిగినవారు, వార్తాపత్రికను ఎండలో పెట్టి చదివినవారు ఎందరో. వైరసు పైపొర కొవ్వుతో చేసినది. సబ్బు దానిని విడగొట్టును. కనుక చేతులు కడుగుట మంచిదే. అయితే ఈ వ్యాధి వస్తువుల ద్వారా వ్యాపించుట తక్కువ. దగ్గినప్పుడు, మాటలాడినప్పుడు వెలువడు తుంపరలు, వాటికంటె సన్నమై గాలిలో తేలు కణములు ముఖ్యమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. పాల పాకెట్టుపై చూపిన శ్రద్ధ కిటికీ తెరచుటపై చూపియుండిన మరింత మేలు కలిగెడిది. కిరాణా దుకాణముల ముందు సున్నముతో గీసిన గుండ్రములే నయము. వాటి వెనుకనున్న శాస్త్రము సరియైనది.

ఇక నిల్వ లేనివారి సంగతి. హైదరాబాదులో పలు కూడళ్ల వద్ద ఉదయమున అడ్డాలు కూడును. మేస్త్రీలు, సున్నము వేయువారు, మట్టి మోయు స్త్రీలు పనిముట్లతో నిలుచుందురు. ఎవరైనను వచ్చి పిలిచిన ఆనాటికి పని, పనికి సాయంత్రము కూలి, కూలితో రాత్రికి బియ్యము. మార్చి 23 ఉదయము పిలుచువారు లేరు. ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలను అపార్టుమెంట్ల గేటు వద్దనే ఆపినారు. నెల జీతము కూర్చుండబెట్టి ఇచ్చిన ఇల్లాండ్రు కొందరు, ఇవ్వనివారు కొందరు.

బస్తీలో ఏండ్ల తరబడి ఉన్న కుటుంబమునకు ఒక ఆధారము కలదు. అది ఉద్దెర. మూలమీది కిరాణా యజమాని ఖాతా పుస్తకములో పేరు వ్రాసికొని పప్పు, నూనె, ఉప్పు ఇచ్చును. ఇల్లు ఎక్కడనో, బిడ్డ ఏ బడికి పోవునో ఎరిగినవాడు గనుక బాకీ పోదని అతని ధైర్యము. ఏ ప్రభుత్వ పథకములోను లేని ఈ పరపతి ఆ వారములలో ఎన్ని పొయ్యిలు వెలిగించినదో లెక్కించినవారు లేరు. బీహారు, జార్ఖండు, ఒడిశాల నుండి వచ్చి కట్టడముల వద్ద రేకుల షెడ్లలో నివసించువారికి ఆ ఖాతా లేదు. వారి రేషను కార్డు స్వగ్రామములో ఉన్నది.

తెలంగాణ ప్రభుత్వము తెల్ల రేషను కార్డు గల కుటుంబములలో మనిషికి 12 కిలోల బియ్యము, కుటుంబమునకు 1,500 రూపాయలు ఇచ్చినది. కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించినది. నగరపాలక సంస్థ వారి అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనమును ఉచితముగా పెట్టినారు. ఈ 12 కిలోలను శాస్త్రరీత్యా కొలిచి చూడవచ్చును. కిలో బియ్యములో సుమారు 3,500 కేలరీల శక్తి ఉన్నది. పన్నెండు కిలోలలో 42,000. మనిషికి దినమునకు 2,000 కేలరీల చొప్పున అది సరిగా 21 దినములకు వచ్చును. పప్పు, నూనె, వంటచెరకు లెక్కలో లేవు. సెల్‌ఫోను ఖర్చు, గది కిరాయి లేవు. ఏప్రిల్ 14న ముగియవలసిన గడువు మే 3 వరకు పెరిగినది. తెలంగాణలో మే 7 వరకు, ఆ తరువాత మే 29 వరకు. వైరసు గడువు పెరిగిన కొలది బియ్యపు గడువు పెరుగలేదు.

ఆకలి లేని చోట కూడ ఇటువంటి చిక్కే వచ్చినది. అమీరుపేట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో వేలాది యువకులు ఉద్యోగపు శిక్షణకై ఉందురు. వంటవారు రాక, సరుకులు రాక, అనేక హాస్టళ్ల యజమానులు మార్చి 25న గదులు ఖాళీ చేయుమన్నారు. పోలీసుస్టేషన్ల ముందు అనుమతి పత్రములకై బారులు తీరినవి. పత్రము చేతబట్టి మోటారు సైకిళ్లపై బయలుదేరినవారిని కృష్ణాజిల్లా సరిహద్దున గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపినారు. రాదలచినవారు పదునాలుగు దినములు విడిగా ఉండవలెనన్నారు. మనుష్యులను దూరముగా ఉంచుటకు పుట్టిన ఆజ్ఞ ఒక రాత్రి వారిని చెక్‌పోస్టు వద్ద గుంపుగా నిలబెట్టినది. వ్యాధి లెక్క వేసినవారు హాస్టలు వంటగదిని లెక్కలో చేర్చలేదు.

కూలీలు నడక సాగించినారు. మేడ్చల్ మీదుగా నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారిపై, మూటలు నెత్తిన, పిల్లలు చంకన, గుంపులు గుంపులుగా ఉత్తరమునకు నడచినారు. దారిలో అన్నము, మంచినీరు, చెప్పులు ఇచ్చినవారు చాలమంది. ఏప్రిల్ నెలాఖరున సంగారెడ్డి వద్ద కందిలో, ఒక పెద్ద కట్టడపు పనివారు జీతములు రాలేదని, తమను ఇండ్లకు పంపవలెనని తిరుగబడినారు.

రెండు దినముల తరువాత, మే 1వ తేదీ తెల్లవారకముందే, వారిని బస్సులలో లింగంపల్లి స్టేషనుకు చేర్చినారు. దేశములో వలస కూలీలకై నడచిన మొదటి ప్రత్యేక రైలు అదే. జార్ఖండులోని హటియాకు 24 పెట్టెలు. 72 మంది పట్టు పెట్టెలో 54 మందిని కూర్చుండబెట్టినారు. సుమారు 1,200 మంది ఆనాటి రాత్రికే గమ్యము చేరినారు. కార్డు లేని వలస కూలీలకు రెండు నెలలపాటు మనిషికి అయిదు కిలోల ధాన్యమని కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది మే 14న. అప్పటికి రైళ్లు నడువనారంభించి రెండు వారములైనది.

హైదరాబాదులో మెట్రో రైళ్లు సెప్టెంబరు 7న, సిటీ బస్సులు సెప్టెంబరు 25న మరల తిరిగినవి. అంతకు చాల ముందే, వ్యాధి ఇంకను పెరుగుచున్న దినములలోనే, పనిముట్లు పట్టుకొని జనము అడ్డాల మీద నిలువసాగినారు.