ధైర్యానికి సమీకరణం

లెక్కల మాస్టారు పరీక్ష పేపర్లు పంచుతున్నారు. పోయినసారి మీకూ, మీ పక్కన కూర్చున్న మిత్రుడికీ వచ్చిన మార్కులు ఒకటే. కాని అతడు నిబ్బరంగా కలం తీశాడు. మీ అరచేతులకు చెమట పట్టింది. ఎందుకీ తేడా?

"ఈ పని నేను చేయగలను" అని ఒకానొక పనిని గురించి మనిషికి ఉండే నమ్మకాన్ని స్వీయ సామర్థ్య విశ్వాసం అంటారు. ఆల్బర్ట్ బాండురా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీన్ని సిద్ధాంతంగా వివరించాడు. ఇది తెలివితేటలు కాదు, గొప్పలు చెప్పుకోవడం అసలే కాదు. ఏటికి ఎదురీదే ధైర్యం ఉన్నవాడికి సగటు కట్టే ధైర్యం లేకపోవచ్చు.

నమ్మకాన్ని కొలిచేదెలా? థర్మామీటరు పెట్టలేం కదా! అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో ఫిన్నీ, ష్రా అనే పరిశోధకులు సాంఖ్యక శాస్త్రం చదివే కళాశాల విద్యార్థుల కోసం 2003లో 14 అంశాల ప్రశ్నావళి ప్రకటించారు. ఒక్కొక్క పనికి "బొత్తిగా నమ్మకం లేదు" అంటే 1, "పూర్తి నమ్మకం ఉంది" అంటే 6. కనుక మొత్తం 14కు తగ్గదు, 84కు మించదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ నమ్మకాన్ని ముందుగా సూచించేది పాత మార్కులా, లెక్కలంటే ఉన్న భయమా? మార్కులు తక్కువైన చోట తరచు భయమూ ఎక్కువే. విడివిడిగా చూస్తే ఒకదాని ప్రభావం మరొకదాని ఖాతాలో పడుతుంది. ఈ ముడి విప్పడానికే బహుళ ప్రతిగమనం అనే పద్ధతి. ఇంగ్లండులో యూల్ 1899లోనే పేదల సహాయానికి సంబంధించిన లెక్కల్లో దీన్ని వాడాడు.

ఒక తరగతి పిల్లలను ప్రశ్నించగా ఇలా తేలిందనుకుందాం (అంకెలు కల్పితాలే సుమా!):

నమ్మకం = 40 + 0.4 × మార్కులు − 0.5 × భయం

సమీకరణం చెప్పినదానికీ, పిల్లలు నిజంగా చెప్పినదానికీ మధ్య తేడాలుంటాయి. ఆ తేడాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేట్టు ఈ గుణకాలను ఎంచుతారు.

మార్కులు ఇద్దరికీ 60. భయం మీకు 40, మిత్రుడికి 20. గుణించి చూడండి. మీకు 44, అతడికి 54. మార్కులను కదలనీయకుండా పట్టుకుని, భయాన్ని మాత్రమే మార్చి చూశామన్నమాట.

అయితే భయం వల్లే నమ్మకం తగ్గిందా? నమ్మకం లేకనే భయం పుట్టిందేమో! సమీకరణం ఆ సంగతి చెప్పదు.

ఇంకో తమాషా. మీకు 44 రావాలి, కాని ప్రశ్నావళిలో 58 వచ్చిందనుకోండి. మిగిలిన ఆ 14ను శేషం అంటారు. అది ఎక్కడిది? తనలాంటివారు నెగ్గడం కళ్లారా చూసినా నమ్మకం పెరుగుతుందని బాండురా అన్నాడు. కిందటేడు మీ అక్క ఇదే పరీక్ష గట్టెక్కిందేమో. మన ప్రశ్నపత్రంలో అక్క సంగతి అడగలేదు మరి!