ఘంటసాలవారి గీతాగానము - ఒక శ్లోకము, సమగ్రగ్రంథము



మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో తెల్లవారుజామున మైకునుండి ఘంటసాలవారి భగవద్గీత వినబడినచో, జనులు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎవరు పోయినారు?" అనునదియే. ఆ గానము శవయాత్రకు గుర్తై కూర్చున్నది. కొందఱు తమ యింట శుభదినమున దానిని పెట్టనీయరు. పిల్లలు దానిని చావుపాట యనుచున్నారు. బ్రదికియున్నవానికి కర్తవ్యమును బోధించుటకై పుట్టిన గ్రంథమునకు ఈ గతి పట్టుట న్యాయమా? కావున ఆ గానమును ఎట్లు వినవలెనో నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా గాయకుని సంగతి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణామండలమున గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించిరి. విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద సంగీతము నభ్యసించిరి. 1942 నాటి ఉద్యమమున చెఱసాలకేగిరి. పిదప సినిమాపాటలచే తెలుగువారి యింటింటను పరిచితులైరి. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుచుండగా వారికి గుండెనొప్పి వచ్చినది. ఆసుపత్రినుండి వెలువడిన తరువాత వారు పూర్తిచేసిన మహత్కార్యము ఈ గీతాగానము. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో వారు పరమపదించిరి. హెచ్.ఎం.వి. వారి ఆ రికార్డు పిదపనే లోకమునకు అందినది.

రికార్డనగానేమో కొంచెము చెప్పవలెను. పూర్వపు గ్రామఫోను పళ్లెము నిమిషమునకు 78 మాఱులు తిరిగెడిది. ఒక ప్రక్క మూడు నిమిషములకు మించి పాట పట్టుట అరుదు. పెద్ద సంగీతమును వినగోరువారికై కొన్ని పళ్లెములను పుస్తకమువలె అట్టల నడుమ కూర్చి అమ్మెడివారు. దానికే ఆల్బము అని పేరు. 1948లో అమెరికాలో నిమిషమునకు ముప్పదిమూడున్నొకటి మూడవవంతు మాఱులు తిరుగు పెద్ద పళ్లెము వచ్చినది. ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పట్టెడిది. అప్పటినుండి గాయకులు విడిపాటలనే గాక, ఆద్యంతములు గల ఒక ప్రబంధమును సంకల్పించుటకు వీలు కలిగినది. ఘంటసాలవారు సంకల్పించినది అట్టిదే.

గీతలో పదునెనిమిది అధ్యాయములు, ఏడువందల శ్లోకములు. అందు ఇంచుమించు నూఱింటిని ఏర్చి, కథాక్రమము తప్పకుండ కూర్చిరి. మొదట శ్లోకమును రాగముతో పాడుదురు. వెంటనే అదే కంఠముతో తెలుగు తాత్పర్యమును పలుకుదురు. సంస్కృతమెఱుగని కాపునకును గీతార్థము చెవికెక్కుట ఈ యేర్పాటు వలననే. గమకములు మితముగానుండును. పదములు ఎక్కడికక్కడ విడివడి స్పష్టముగా వినబడును. రాగము మాటను మ్రింగదు.

ఇక రెండవ అధ్యాయములోని యిరువదియేడవ శ్లోకమును చూతము. చావింట మనము తఱచుగా వినునది ఇదియే. పాదమునకు ఎనిమిదేసి అక్షరములు గల అనుష్టుప్పు. పుట్టుక యున్నచోట చావు తప్పదనియు, తప్పనిదానికై వగవరాదనియు దాని భావము. దానిని పాడునప్పుడు ఘంటసాలవారి గొంతులో ఏడుపు లేదు, నిబ్బరమున్నది. ఏలయన, ఇది శవము ముందర చెప్పినది కాదు. విల్లు జాఱవిడిచి, తన పని తాను చేయనని కూలబడిన అర్జునునితో చెప్పినది. ఒకటవ అధ్యాయమున అతని శోకమును విననివానికి ఈ శ్లోకము వట్టి ఓదార్పుగా తోచును. అదే అధ్యాయమున నలువదియేడవ శ్లోకము వఱకు విన్నవానికి, ఓదార్పు వెనుకనున్న ఆజ్ఞ తెలియును: ఫలముపై ఆశ విడిచి పని చేయుమని. గీత తుదకు అర్జునుడు తన మోహము తొలగినదనియు, చెప్పినట్లు చేసెదననియు పలుకును. గ్రంథమంతయు ఆ మాటకొఱకే నడచినది.

మన పల్లెలలో చిరుతల రామాయణ మాడుదురు గదా. లక్ష్మణమూర్ఛ నాటి రాముని శోకము విని లేచి ఇంటికి పోయినవాడు, లక్ష్మణుడు లేచిన సంగతి ఎట్లెఱుగును? శవయాత్రలో నాలుగు శ్లోకములు విని, గీత ఇంతియే యనుకొనువాని సంగతియు అట్టిదే.

చావింట గీత పెట్టుట తప్పని నేననను. దుఃఖితులకు దానివలన ఊఱట కలుగుచున్నది, అది మంచిదే. అక్కడ మాత్రమే పెట్టుట తప్పు. మార్గశిర శుద్ధ ఏకాదశి గీతాజయంతి. ఆనాడు గుడిలోనో రచ్చబండ యొద్దనో, మైకు తగ్గించి, మొదటినుండి తుదివఱకు వినిపింపుడు. పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొనుడు. శ్లోకమునకు శ్లోకమునకు నడుమ ఆపి, వారడిగినదానికి మీకు తెలిసినంత చెప్పుడు. గుండెజబ్బుతో నుండియు తన పని విడువక పూర్తిచేసిన గాయకుని సంగతియు చెప్పుడు. గీతకు అంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు.

పెద్దలు ముందుగా విన్నచో, పిల్లలకు ఆ భయము తానే తొలగును. సెలవు.