డ్రైవరు రాకముందే వేడెక్కే కారు

జనవరిలో మ్యూనిక్ వీధుల్లో రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు తెల్లవారేసరికి మైనస్ 10 డిగ్రీలకు దిగిపోయిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అద్దాల మీద మంచు పెచ్చుకట్టి ఉంటుంది. ఇంజిన్ ఆన్ చేసి కాసేపు వదిలేద్దామంటే జర్మనీ ట్రాఫిక్ నిబంధనల్లోని 30వ సెక్షన్ అడ్డొస్తుంది. అవసరం లేకుండా ఇంజిన్ నడిపి పొగ, చప్పుడు పుట్టించడం అక్కడ తప్పు. పోనీ, ఎవరూ పట్టించుకోరనుకున్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఈ కాలపు డీజిల్ ఇంజిన్ నిలబడి తిరుగుతుంటే అంత తొందరగా వేడెక్కదు.

కారు హీటర్ అంటే ఇంజిన్ వృథా చేసే వేడిని వాడుకునే ఏర్పాటు. ఇంజిన్ చుట్టూ తిరిగిన కూలెంట్ డాష్‌బోర్డు వెనకనున్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది, బ్లోయర్ దాని మీదుగా గాలిని క్యాబిన్‌లోకి తోస్తుంది. మన ఎండల్లో ఆ వేడితో ఎవరికీ పనిపడదు. యూరప్‌లో మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిళ్లు వచ్చాక ఇదో చిక్కై కూర్చుంది. ఇంధనంలోని శక్తి చక్రాలకు ఎక్కువగా అందుతున్న కొద్దీ కూలెంట్‌కు మిగిలేది తగ్గిపోయింది. మైలేజీ పెరిగింది, కాళ్లు చల్లబడ్డాయి.

దాంతో ఫోక్స్‌వ్యాగన్ షరాన్, టి5 వ్యాను లాంటి ఎన్నో డీజిల్ బళ్లకు కంపెనీలే ఒక సహాయక హీటర్‌ను బిగించి అమ్మాయి. బండి తిరుగుతున్నప్పుడు, బయట ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలకంటే తగ్గితే, అది కాస్త డీజిల్ కాల్చి కూలెంట్‌ను వేడిచేస్తుంది. ఈ హీటర్లు చేసేవాళ్లలో పేరున్నవి రెండు జర్మన్ కంపెనీలు, వెబాస్టో, ఎబర్‌స్పేషర్. బండి ఆగి ఉన్నప్పుడు పనిచేసే ‘పార్కింగ్ హీటర్’లను చేసేదీ వాళ్లే. చాలా మోడళ్లలో ఆ పార్కింగ్ హీటర్, ఈ సహాయక హీటర్ దాదాపు ఒకే పెట్టె. తేడా అల్లా దాన్ని ఎవరు వెలిగిస్తారన్నదే. అందుకే పాత కారు కొన్నవాళ్లకు ఆశ పుడుతుంది. పెట్టె ఎలాగూ ఉంది కదా, ఒక టైమరో రిమోటో తగిలిస్తే పోలా?

పోతుంది, కానీ అనుకున్నంత తేలిగ్గా కాదు. ముందు పెట్టెలో ఏం జరుగుతుందో చూద్దాం. బరువు రెండు మూడు కిలోలు. కొన్ని బళ్లలో ముందు బంపర్ వెనక ఉంటుంది, కొన్నింటిలో కింద అడుగుభాగంలో. వెలిగించమని ఆజ్ఞ రాగానే మొదట దాని ఫ్యాన్ తిరిగి లోపలి పాత ఆవిరిని ఊదేస్తుంది. గ్లో ప్లగ్ ఎర్రబడుతుంది. ఆపైన మీటరింగ్ పంపు టిక్కు... టిక్కు... అంటూ మొదలవుతుంది. ఒక్కో టిక్కుకు ఇంత అని కొలిచినట్టు డీజిల్ పంపిస్తుంది, మంట పెరగాలంటే టిక్కులు దగ్గరవుతాయి. నిశ్శబ్దంగా ఉన్న వీధిలో ఈ చప్పుడు పక్కన నడిచేవాళ్లకు వినిపిస్తుంది. మంట అంటుకుందా లేదా అని కంట్రోల్ యూనిట్ గమనిస్తూ ఉంటుంది. అంటుకోకపోతే డీజిల్ ఆపి, గాలి ఊది, మళ్లీ ప్రయత్నిస్తుంది. పదే పదే విఫలమైతే తనను తాను లాక్ చేసుకుంటుంది. కూలెంట్ 80 డిగ్రీల దరిదాపులకు వచ్చాక మంట తగ్గించుకుంటుంది. ఆపేయమన్నా వెంటనే ఆగదు. మంట ఆర్పి, ఒకటి రెండు నిమిషాలు ఫ్యాను, నీళ్ల పంపు తిప్పి చల్లబడ్డాకే పడుకుంటుంది. అందుకే నడుస్తున్న హీటర్‌కు ఫ్యూజు పీకి ఆపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఎంతసేపు ముందు వెలిగించాలి? లెక్క కష్టం కాదు. పెట్టె శక్తి 5 కిలోవాట్లు. వ్యవస్థలో 10 లీటర్ల కూలెంట్ ఉందనీ, దాన్ని మైనస్ 10 నుంచి 60 డిగ్రీలకు తేవాలనీ అనుకుందాం. సుమారు 2,450 కిలోజౌళ్లు కావాలి, అంటే 8 నిమిషాల పైచిలుకు. ఆ కూలెంట్ ఇంజిన్ గుండా తిరుగుతుంది కనుక ఇనుమూ వేడెక్కాలి. దాన్ని 100 కిలోలుగా తీసుకుంటే మరో 11 నిమిషాలు. గొట్టాల్లో పోయేది, క్యాబిన్‌కు వెళ్లేది కలిపితే అరగంట. పూర్తి మంట మీద గంటకు 0.6 లీటర్ల డీజిల్ కాలుతుంది కాబట్టి ఒక ఉదయానికి ఖర్చు మూడు వందల మిల్లీలీటర్ల లోపే. పైగా ఇంజిన్ వెచ్చగా స్టార్టవుతుంది. తొలి కిలోమీటర్లలో అరుగుదల, పొగ తగ్గడం ఇందులో కలిసొచ్చే లాభం.

ఇక అమరిక సంగతి. సహాయక హీటర్ ఇంజిన్ తిరుగుతుండగా పనిచేసేది కనుక కొన్ని మోడళ్లలో దానికి సొంత నీళ్ల పంపే ఉండదు, ఇంజిన్ పంపు మీదే నెట్టుకొస్తుంది. ఆగిన బండిలో కూలెంట్ తిరగాలంటే ఎలక్ట్రిక్ పంపు పెట్టాలి. లేకపోతే పెట్టెలోని నీళ్లు క్షణాల్లో మరిగి, అతివేడి రక్షణ హీటర్‌ను ఆపేస్తుంది. కంట్రోల్ యూనిట్ కూడా ‘నేను పార్కింగ్ హీటర్‌ను’ అని ఒప్పుకోవాలి. కొన్నింటిలో డయాగ్నొస్టిక్ కంప్యూటర్‌తో కోడింగ్ మారిస్తే సరిపోతుంది, కొన్నింటిలో యూనిట్‌నే మార్చాలి. నిలబడిన బండి కింద పొగ గొట్టం చప్పుడు చుట్టుపక్కలవాళ్ల నిద్ర పాడుచేయకుండా చిన్న సైలెన్సర్ కూడా అవసరమవుతుంది.

అన్నిటికంటే తలనొప్పి బ్లోయర్. నాబ్‌లు తిప్పే పాత రకం ఏసీ ఉంటే ఒక రిలే చాలు. తాళంచెవితో పనిలేకుండా బ్యాటరీ కరెంటును బ్లోయర్‌కు మళ్లిస్తుంది. నీళ్లు గోరువెచ్చబడ్డాకే హీటర్ ఆ రిలేను నొక్కుతుంది, లేకపోతే మొదట్లో చల్లగాలే తోస్తుంది. రాత్రి దిగేటప్పుడు నాబ్‌ను వేడి వైపు, గాలిని ముందు అద్దం వైపు తిప్పి వెళ్లడం మాత్రం డ్రైవరు పని. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్లలో ఆ కథ నడవదు. తాళం తీశాక ప్యానెల్ నిద్రపోతుంది, బ్లోయర్ వేగాన్ని ఎలక్ట్రిక్ పల్సుల వెడల్పుతో నియంత్రిస్తారు కనుక ఆ పల్సులను తయారుచేసే మాడ్యూల్ విడిగా కావాలి. వైర్ కత్తిరించి రిలే తగిలిస్తే ప్యానెల్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకా కొత్త బళ్లలో, కంట్రోల్ యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్ మీద ప్యానెల్‌ను నిద్రలేపాలి. సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే.

వీటితో పోలిస్తే టైమర్ పిల్లల పని. పాత రకం టైమర్ అంటే నిర్ణీత సమయానికి ఒక వైర్ మీదికి 12 వోల్టులు పంపే గడియారం, అంతే. వెబాస్టో తర్వాతి తరాల్లో ‘డబ్ల్యూ బస్’ వచ్చింది. ఒకే వైరు మీద సెకనుకు 2,400 బిట్ల వేగంతో టైమరు, హీటరు మాట్లాడుకుంటాయి. ఎంతసేపు వెలగాలో ఇటు నుంచి వెళ్తుంది, ఉష్ణోగ్రత, వోల్టేజి, లోపాల కోడ్ అటు నుంచి వస్తాయి. పాత టైమర్లలో చాలావాటిని ఏ రోజుకారోజు సెట్ చేసుకోవాలి. ఒకసారి నొక్కితే ఒకసారే వెలుగుతుంది. విసుగనిపించే ఈ ఏర్పాటు వెనక కారణముంది, అది తర్వాత చెప్తాను.

రిమోట్‌లో ఉన్నది చక్కటి రేడియో విజ్ఞానం. యూరప్‌లో ఈ తరహా రిమోట్లు 868 మెగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తాయి. తరంగదైర్ఘ్యం 34.5 సెంటీమీటర్లు, దానిలో నాలుగోవంతు యాంటెనా అంటే వేలెడు తీగ. అక్కడి నియమాల ప్రకారం 868.0 నుంచి 868.6 వరకు ఉన్న పట్టీలో 25 మిల్లీవాట్లకు మించి ప్రసారం చేయకూడదు, గంటకు 36 సెకన్లకు మించి మాట్లాడకూడదు. ఈ కాస్త శక్తితోనే ఖాళీ మైదానంలో కిలోమీటరు దాకా అందుతుంది, కాంక్రీటు గోడలొస్తే అందులో కొంతే. అసలు ఇబ్బంది రిసీవర్‌ది. యజమాని ఎప్పుడు నొక్కుతాడో తెలియదు కనుక 24 గంటలూ చెవి ఒగ్గి ఉండాలి. ఎడతెగకుండా 10 మిల్లీఆంపియర్లు తాగితే నెలకు 7 ఆంపియర్-అవర్లు బ్యాటరీ నుంచి ఆవిరైపోతాయి. అందుకే ఇలాంటి రిసీవర్లు సాధారణంగా కునుకు తీస్తూ మధ్యమధ్య లేచి వింటాయి. మంచి రిమోట్లలో రిసీవర్ జవాబు కూడా ఇస్తుంది, చేతిలోని దీపం రంగు చూసి ఆజ్ఞ చేరిందో లేదో తెలుసుకోవచ్చు. ఆ జవాబు లేని చౌక రకం కొనొద్దు. కారు కనబడనప్పుడు వెలిగిందో లేదో తెలియని రిమోట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

బ్యాటరీ విషయంలో మాత్రం మోసపోవద్దు. మంట డీజిల్‌దే అయినా ఫ్యాను, పంపు, బ్లోయర్ కలిసి సుమారు 100 వాట్లు లాగుతాయి. అరగంటకు 4 ఆంపియర్-అవర్ల పైనే. వింటే తక్కువే అనిపిస్తుంది. కానీ చలిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ సత్తా తగ్గుతుంది, ఆఫీసు ఐదు నిమిషాల దూరమైతే ఆల్టర్నేటర్ దాన్ని తిరిగి నింపలేదు. ఎంతసేపు వేడిచేశారో కనీసం అంతసేపు బండి నడపాలని మెకానిక్‌లు చెప్పే సూత్రం అనుభవంతో వచ్చింది.

ఇప్పుడు పాత టైమర్ రోజూ ఎందుకు సెట్ చేయమంటుందో చూద్దాం. దగ్గర ఎవరూ లేనప్పుడు అగ్గి రాజేసే యంత్రమిది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిన్న వీధిలో నిలిపిన కారును ఇవాళ మూసిన గ్యారేజీలో పెట్టి, టైమర్ సంగతి మరచిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పెట్రోలు బంకులో ఉండగా గంట కొట్టినా అంతే ప్రమాదం. యూరప్‌లో ప్రమాదకర సరుకుల రవాణాను నియంత్రించే ఏడీఆర్ ఒప్పందం ఈ విషయంలో సూటిగా ఉంది. మండే సరుకు మోసే కొన్ని రకాల లారీల్లో హీటర్‌ను మనిషే చేత్తో వెలిగించాలి, ముందుగా సెట్ చేసే పరికరాలు నిషిద్ధం. కార్లకు ఆ నిషేధం లేదు. అయినా రెంటిలో ఏది అని నన్నడిగితే రిమోట్ అనే అంటాను. టైమర్‌కు నిన్నటి సంగతే తెలుసు, రిమోట్ నొక్కే మనిషికి బండి ఇప్పుడెక్కడుందో తెలుసు.

జర్మనీ, స్వీడన్‌లలో చదువుకో ఉద్యోగానికో వెళ్లి సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు చూస్తున్న మనవాళ్లకు ఒక్క మాట. పెట్టె ముందే ఉందేమో అడిగి చూడండి. నీళ్ల గొట్టాలు, డీజిల్ లైన్, పొగ గొట్టం పని తెలిసిన వర్క్‌షాపుకే వదలండి. ఎండాకాలంలో కూడా నెలకోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పది నిమిషాలు హీటర్ నడపండి. ఆరు నెలలు కదలని పంపు అక్టోబరులో మొరాయిస్తుంది.