యువ పాఠకులు – గ్రంథాలయాలు

మనిషి జీవితంలో బాల్యానికీ యౌవనానికీ నడుమ నిలిచే దశ కౌమారం. చిన్ననాటి కథలు చప్పగా తోచే వయసు అది. పెద్దల బాధ్యతలు ఇంకా భుజాలకెక్కని వయసు కూడా. ‘నేనెవరిని? లోకంలో నా స్థానమేది?’ అన్న ప్రశ్నలు మొలకెత్తేదీ అప్పుడే. వాటికి సమాధానాలు వెదుక్కునే వేళ పుస్తకం మంచి నేస్తమవుతుంది. అయితే మన గ్రంథాలయాలలో సాధారణంగా కనిపించేవి రెండే విభాగాలు: ఒకటి పిల్లలది, మరొకటి పెద్దలది. మొదటిదాన్ని దాటివచ్చి, రెండవదానిలో తనకు తగినది దొరకని పదిహేనేళ్ల పాఠకుడు క్రమంగా గ్రంథాలయానికే దూరమవుతాడు. అలా దూరమైనవాణ్ణి తిరిగి రప్పించడం సులభం కాదు.

తెలుగునాట గ్రంథాలయాలకూ యువతకూ గల అనుబంధం ఈనాటిది కాదు. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో ఒక యువజన సంఘం చొరవతోనే రూపుదాల్చింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయాన్ని నడిపి, గ్రామీణుల ముంగిటికి పుస్తకాలను చేర్చారు. పాఠకుడు రాకపోతే పుస్తకమే అతని వద్దకు వెళ్లాలన్నది ఆ ఉద్యమకారుల విశ్వాసం.

భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలను ప్రకటించారు. ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం ఉండాలనీ, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలనీ వాటిలో రెండింటి సారాంశం. కౌమార పాఠకుల విషయంలో ఈ రెండూ మరింత వర్తిస్తాయి.

అమెరికాలోని బాల్టిమోర్ నగర గ్రంథాలయంలో 1930ల నుండి పనిచేసిన మార్గరెట్ ఎడ్వర్డ్స్ ఈ రంగంలో మార్గదర్శకురాలు. యువతకు పుస్తకాలను సిఫారసు చేసే ఉద్యోగులు ముందుగా వాటిని తాము చదివి ఉండాలని ఆమె పట్టుబట్టారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో గుర్రపు బండిపై పుస్తకాలను వాడవాడలకూ చేర్చారు. పెద్దల కోసం రాసినవే అయినా, పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ల వారిని ఆకట్టుకునే పది పుస్తకాలకు ఏటా ఆమె స్మృత్యర్థం అలెక్స్ పురస్కారాలు ఇస్తున్నారు.

దీనినిబట్టి, యువత కోసం పుస్తకాలు సేకరించడమంటే వయసు అంకె చూసి కొనడం కాదని తెలుస్తుంది. ముందుగా వారి అభిరుచిని వారినే అడగాలి. సూచనల పెట్టె, విద్యార్థులకు చోటున్న ఎంపిక సంఘం ఇందుకు తోడ్పడతాయి. సాహసం, అపరాధ పరిశోధన, హాస్యం, క్రీడలు, జీవితచరిత్రలు, బొమ్మల కథలు అన్నింటికీ అరల్లో చోటుండాలి. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ నేటికీ నవ్విస్తుంది. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ ఖగోళ విజ్ఞానాన్నీ, ‘నరావతారం’ మానవ పరిణామాన్నీ సులభంగా వివరిస్తాయి. అబ్దుల్ కలాం జీవితకథ ‘ఒక విజేత ఆత్మకథ’గా తెలుగులో లభిస్తుంది. ఇలాంటి పుస్తకాల ముఖచిత్రాలు ఎదురుగా కనిపించేలా అమర్చితే చేయి దానంతటదే అటు సాగుతుంది. శిథిలమైన ప్రతులనూ, కాలం చెల్లిన సమాచారం గల పుస్తకాలనూ తొలగించడం కూడా సేకరణలో భాగమే.

నేడు అనేక గ్రంథాలయాలలో యువత ఎక్కువగా కనిపించేది పోటీపరీక్షల పుస్తకాల ముందే. ఉపాధికి అవి అవసరమే; కాని అరలన్నీ వాటికే అప్పగిస్తే చదువు పరీక్షతోనే ముగుస్తుంది. శారీరక మార్పులు, స్నేహంలోని ఒడిదుడుకులు, కులవివక్ష, ఓటమి భయం వంటివి ఈ వయసువారిని లోలోపల వేధిస్తాయి. వాటిని ఎవరినీ అడగలేని విద్యార్థికి ఒక నవలలోని పాత్ర తోడు కావచ్చు. తన బాధ తన ఒక్కడిదే కాదని తెలియడం గొప్ప ఊరట. అందువల్ల ఇటువంటి అంశాలు ఉన్నాయన్న కారణంతోనే మంచి పుస్తకాన్ని పక్కన పెట్టకూడదు. అలాగని చేతికందినదల్లా కొనడమూ తగదు. విషయంలో నిజాయితీ, రచనలో ప్రమాణం చూసి ఎంపిక చేయాలి.

గ్రంథాలయం విలువను గ్రంథాల సంఖ్యను బట్టి గాక, వాటిని ఎన్ని చేతులు తెరిచాయన్న దానినిబట్టి అంచనా వేయాలి. కౌమారంలో తనకు నచ్చిన పుస్తకం దొరికినవాడు జీవితాంతం పాఠకుడుగా మిగులుతాడు. ఆ ఒక్క పుస్తకాన్ని సకాలంలో అందుబాటులో ఉంచడమే గ్రంథాలయాల కర్తవ్యం.